తోక వెనక మచ్చ

పేజీ తల మీద శ్రీ రాసి మొదలుపెడుతున్నాను. దీన్ని తుడవను. ఎందుకు తుడవనంటున్నానో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

సార్ పోయారు. శనివారం నాడు గుడిలో ప్రదక్షిణలు చేస్తుంటే ఫోన్ మోగింది. ఎన్నోది తిరుగుతున్నానో అక్కడే మర్చిపోయాను. అవతల సార్ మరదలు. ఆయన తమ్ముడి భార్య, నేను అక్కా అని పిలుస్తాను. "చెల్లే, బావగారు పోయిండ్రు. మిద్దె మీద కుర్చీల కూసున్నోళ్ళు కూసున్నట్టే ఉన్నరు. కూర తెచ్చిన, పిలుస్తున్న, పలుకుతలేరు" అంది. అప్పుడు పదకొండు కావస్తోంది.

నేను తార్నాకలో సార్ ఇంటికి చేరేసరికి ఆయన్ని కిందికి దించారు. కుర్చీ మాత్రం మిద్దె మీదే ఉంది, యూనివర్సిటీ క్యాంపస్ చెట్ల వైపు తిరిగి. ఆయన కుడి చెయ్యి సగం లేచి కుర్చీ చేతి మీద ఆగి ఉందని అక్క చెప్పింది. "ఎండ కొడుతుంటే అడ్డం పెట్టుకున్నట్టున్నరు" అంది. ఆ పొద్దున మబ్బు పట్టి ఉంది. 

నేను పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని. చీటీల మీద సామాన్లు రాయడం తప్ప ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. కానీ సార్ పెద్దకర్మ నాడు ఆయన గదిలో ఒక ఫోటో చూశాను, ఒక అబద్ధం చెప్పాను. ఆ రెండూ లోపల పెట్టుకుని రోజూ దీపం వెలిగించలేకపోతున్నాను. అందుకే సార్ నియమాలు రాసుకున్న ఈ పొడుగాటి నోట్‌బుక్కులో మిగిలిన కాగితాలు తీసుకున్నాను. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళూ, నా తర్వాత ఆయన కంప్యూటర్ మిషన్ ముందు కూర్చోబోయేవాళ్ళూ చదువుతారని అనుకుంటూ రాస్తున్నాను.

సార్ యూనివర్సిటీ క్యాంపస్‌లో ఫోటో సెక్షన్‌లో ఉద్యోగం చేశారు. రాళ్ళ ఫోటోలు, ఎముకల ఫోటోలు, పట్టాలిచ్చే సభల ఫోటోలు, అన్నీ ఆయన చేతి మీదుగానే. రిటైరయ్యాక తార్నాక సందులో తన ఇంటి పై గదిలో ఒక కంప్యూటర్, ఒక స్కానర్, ఒక పెద్ద ప్రింటర్ పెట్టుకున్నారు. పెళ్ళి ఫోటోలు తీసుకునేవారు కాదు, పాస్‌పోర్టు ఫోటోలు తీసేవారు కాదు. విమానాల ఫోటోలు మాత్రమే. విమానాలను ఫోటోలు తీయడమే పనిగా పెట్టుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో ఇంతమంది ఉన్నారని ఆ గదికి వచ్చేదాకా నాకు తెలియదు. వాళ్ళు తెచ్చిన ఫోటోలను సార్ శుభ్రం చేసి, సరిచేసి, గోడకు పెట్టుకునేంత పెద్దగా ప్రింటు తీసి ఇచ్చేవారు.

నేను మొదట ఆ ఇంటికి వంటకు వచ్చాను. ఒక రోజు వరండాలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతుంటే సార్ గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశారు. నాకు భయం వేసింది.

"ఏమ్మా, ఆ రాయిని యాడ చూసినావు నువ్వు? అది బియ్యం రంగే కదా."

"ఏమో సార్, కనవడ్డది."

"నాకు కనపడలేదు చూడు. రేపటి నుంచి వంట ఒక పూట చాలు. మిగతా పూట ఆకాశం ఏరుదువు రా."

అట్లా నేను ఆ మిషన్ ముందుకు వచ్చాను. కెమెరా లోపల దుమ్ము పడితే ఫోటోలో ఆకాశం మీద చిన్న చిన్న బూడిద చుక్కలు వస్తాయి. వాటిని ఒక్కొక్కటిగా ఏరేయడం నా పని. కిటికీలకు సార్ నల్ల గుడ్డ కట్టేవారు, బయటి వెలుతురు పడితే తెర మీది రంగులు మోసం చేస్తాయని. బయట మిట్టమధ్యాహ్నం, లోపల చీకటి. ఆ చీకట్లో వెలిగేది తెర మీద ఉన్న ఆకాశం ఒక్కటే. దాని వెలుగు సార్ మొహం మీద పడి, ఆయన ఎక్కడో చాలా ఎత్తులో కూర్చున్నట్టు ఉండేది. వచ్చిన కొత్తలో ఆ గదిలో నేను గట్టిగా మాట్లాడేదాన్ని కాదు. తర్వాత అదే అలవాటైంది.

నా మొదటి తప్పు చెప్పాలి. మా అమ్మ నేర్పిన అలవాటు, ఏ కాగితం మీదైనా పైన శ్రీ పెట్టకుండా పని మొదలుపెట్టను. ఫోటో కూడా కాగితమే అనుకున్నాను. ప్రతి ఫోటో మూలలో, ఆకాశంలో, మౌస్‌తో చిన్న శ్రీ పెట్టేదాన్ని. మధ్యలో కరెంటు పోతుందేమోనని పది నిమిషాలకోసారి సేవ్ నొక్కేదాన్ని, తాళం వేశాక మళ్ళీ ఒకసారి లాగి చూసినట్టు. పని అయిపోయాక శ్రీని ఆకాశం రంగుతో కప్పేసి మళ్ళీ సేవ్ చేసేదాన్ని. ఎవరికీ తెలియలేదు.

క్యాంపస్ హాస్టల్లో ఉండి పరిశోధన చేసుకునే ఒకాయన, సాయంత్రం పూట దిగుతున్న పెద్ద విమానం ఫోటో ఇచ్చాడు. గోడంత ప్రింటు తీశాం. అతను దాన్ని విప్పి గోడకు ఆనించి, వెనక్కి జరిగి చూసి ఆగిపోయాడు.

"సార్, ఆకాశంల గిదేంది? ఎవరో ఉన్నట్టున్నది."

సార్ భూతద్దం పెట్టి చూశారు. నేనూ చూశాను.  మూలలో, నీలంలో, మసక మసకగా ఏదో ముడుచుకుని కూర్చున్నట్టు ఉంది. దగ్గరికి వెళ్తే లేదు, దూరం జరిగితే ఉంది.

"ఏమ్మా, ఈడ ఏం చేసినావు?"

"ఏం చెయ్యలే సార్... మొదలు శ్రీ పెట్టిన. పనైనంక తుడిచేసిన."

ఆ పరిశోధన చేసే అతను పడీ పడీ నవ్వాడు. "ఆంటీ, విమానానికి గూడ పూజ చేసిన్రా?"

"కొత్త బండికి చేస్తం గద బాబూ, గాలిల పోయేదానికి చెయ్యొద్దా?"

సార్ నవ్వలేదు. నన్ను కూర్చోబెట్టి ఆ ఫోటోను తెర మీద పెద్దది చేశారు. ఇంకా పెద్దది, ఇంకా పెద్దది. నున్నగా ఉందనుకున్న ఆకాశం చిన్న చిన్న గళ్ళుగా విడిపోయింది, మా ఊళ్ళో గళ్ళ తువ్వాలలాగా. జేపెగ్ అనే రకంలో ఫోటోను దాచమంటే, చోటు తక్కువ పట్టడానికి అది ఫోటోను ఇట్లా గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో కంటికి అక్కర్లేదనుకున్నది పారేస్తుందట. మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ మిగిలినదాన్నే మళ్ళీ కోసి మళ్ళీ పారేస్తుందట. పారేసినచోట ఖాళీ ఉండదు, లేనిది ఏదో వచ్చి కూర్చుంటుంది. రెక్క అంచు చుట్టూ దోమలు ముసిరినట్టు చుక్కలు, ఆకాశంలో మెట్లు, ఎవరూ గీయని మచ్చలు.

"నువ్వు అక్షరాన్ని తుడిచినావు. కానీ దాని పక్కనున్న ఆకాశం దాన్ని చూసేసిందమ్మా. ఆ చూసిన దాన్ని ఎట్ల తుడుస్తావు?" అన్నారు.

ఆ మాట ఇప్పటికీ నా వీపు మీద చల్లగా పాకుతుంది.

"శ్రీ పెట్టుడు బంజేస్తా సార్" అన్నాను ఏడుపు మొహంతో.

"ఏంటికి మానాల? కాగితం మీద రాసి మిషన్ పక్కన పెట్టుకో. శ్రీ కాగితం మీద ఉన్నా దేవుడు చూస్తాడు. ఫోటోలో చెయ్యి పెట్టొద్దు, అంతే."

ఆ రోజు నుంచి నాకు సార్ నియమాలు మొదలయ్యాయి. కెమెరాలోంచి వచ్చిన మొదటి ఫైలును ఎవరూ తాకకూడదు. దానికి ఒక కాపీ తీసి, ఏదీ పారేయని టిఫ్ రకంలో పెట్టుకుని, దాని మీదే పని అంతా చేసుకోవాలి, ఎన్నిసార్లు సేవ్ చేసినా ఫర్వాలేదు. చివర్లో, అంతా అయ్యాక, ఎంత పెద్ద ఫైలైనా సరే పూర్తి క్వాలిటీలో ఒక్కసారే జేపెగ్ చేయాలి. అంచులు పదునుచేసే పనిని అన్నిటికంటే చివర పెట్టుకోవాలి, అదీ ఒక్కసారే. లేకపోతే రెక్క చుట్టూ తెల్లటి గీత లేస్తుంది. ఎవరైనా ఫోన్‌లో మెసేజ్‌గా వచ్చిన ఫోటో తెచ్చి ప్రింటు తీయమంటే ఆయన మొహం చిట్లించేవారు. "ఇది ఎంతమంది చేతులు మారిందో నాయనా, అసలుది తెచ్చుకో" అనేవారు. దుమ్ము వెతకడానికి ఫోటోను నల్లగా చేసి చూడొచ్చు, కానీ చూశాక సేవ్ చేయకుండా మూసేయాలి. "చూడ్డం వేరు, దాచడం వేరు. చూడ్డానికి ఏమైనా చెయ్. దాచేటప్పుడు ఉన్నది ఉన్నట్టు దాచు."

విమానాల ఫోటోలకే ఇంత పట్టింపు ఎందుకని ఒకసారి అడిగాను. "మనిషి మొహంలోనో, చెట్టులోనో అయితే ఆ మచ్చలు యాడన్నా దాక్కుంటాయమ్మా. ఆకాశంలో దాక్కోడానికి చోటు లేదు" అన్నారు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. రోజూ పదిన్నర దాటాక, ఎంత పని ఉన్నా కుర్చీలోంచి లేచి మిద్దె మీదికి వెళ్ళేవారు. అక్కడి నుంచి క్యాంపస్ చెట్లు, వాటి మీదుగా పాత రాతి కట్టడం పై అంచు కనపడతాయి. అటు తిరిగి నిలబడి కుడి చెయ్యి నుదుటి కంటే కొంచెం ఎత్తుకు లేపేవారు. కాసేపు అట్లాగే ఉండి, దించి, కిందికి వచ్చేవారు. ఎండకు అడ్డం పెట్టుకుంటున్నారనుకునేదాన్ని. బట్టలు ఆరేయడానికి పోయినప్పుడు వానాకాలంలో కూడా చూశాను. ఒక్కోసారి విమానం చప్పుడు వినిపించేది, ఒక్కోసారి వినిపించేది కాదు. చప్పుడు లేని రోజుల్లో క్యాంపస్‌లో నెమళ్ళు అరుస్తుంటే, ఆ ఖాళీ ఆకాశంలోకి ఆయన చూసే చూపుకు నేను గోడ వెనక్కి జరిగేదాన్ని. ఎదురుగా ఎవరో వస్తున్నట్టే చూసేవారు.

ఇప్పుడు ఆ ఫోటో సంగతి. సార్ తమ్ముడు విమానం నడపడం నేర్పేవాడు. ఇద్దరు కూర్చునే చిన్న విమానం. నేను ఆయన్ని చూడలేదు, ఇది ముప్పై ఏళ్ళ కింది మాట. ఒక చలికాలం పొద్దున, పదిన్నర దాటాక, ఆయన ఒక్కడే ఆ విమానంలో క్యాంపస్ మీదుగా, చాలా కిందుగా వెళ్ళాడు. సార్ ఆ రాతి కట్టడం పైన నిలబడి ఫోటో తీశారు. కొన్ని నిమిషాల తర్వాత ఆ విమానం ఊరవతల పొలాల్లో పడిపోయింది. విచారణ చేసినవాళ్ళు, నడిపినవాడు నిర్లక్ష్యంగా కిందికి దింపాడని రాశారట. "గొప్పలకు పోయి పానం తీసుకున్నడు" అని చుట్టాలే అన్నారట. పెళ్ళయి రెండేళ్ళు కూడా కాని అక్క, ఆ మాట మోస్తూ మౌలాలిలో పుట్టింటి పక్కనే ఒక గదిలో ఉండిపోయింది.

విచారణవాళ్ళు ఆ ఫోటో అడగలేదా అని ఒకసారి అన్నాను. "ఫోటో సరిగా రాలేదని చెప్పినాను" అన్నారు సార్. నెగెటివ్ ఏమైందంటే "బూజు తినేసింది" అన్నారు. కంప్యూటర్లో మిగిలింది ఒక చిన్న జేపెగ్ మాత్రమే. నలుపు తెలుపు. పక్కనుంచి కనపడే విమానం, వెనక బూడిదరంగు ఆకాశం. కిటికీ ఉండాల్సినచోట ఒక మసక గడి.

ఏటా ఆ రోజున అక్క వచ్చేది. సార్ ఆ ఫోటో తెరిచేవారు. ఇద్దరూ చూసేవారు, నేను టీ పెట్టేదాన్ని. ఒక ఏడాది అక్క లేచి తెర దగ్గరికి పోయింది.

"బావగారూ, తోక ఎనక గిదేంది? మచ్చ లెక్క."

అక్క తెర మీదికి వంగింది.

"పొగ గాదా అది? చూడుండ్రి, పొగనే! చెల్లే, నువ్వు చూడు, నీ కండ్లు మంచియి."

నేను చూశాను. తోక అంచు దగ్గర గళ్ళు చెదిరి బూడిదగా ఏదో ఉంది. అది పొగ కాదని నాకు తెలుసు. అప్పటికి అట్లాంటివి కొన్ని వందలు ఏరి ఉంటాను. సార్‌కి నాకంటే బాగా తెలుసు. ఇంకెవరైనా ఆ మాట అంటే ఆయన ఫోటోను పెద్దది చేసి, గళ్ళు చూపించి, గంటసేపు చెప్పి పంపేవారు.

"అంటే ఇంజన్ల ఏదో అయింది. గందుకే కిందికొచ్చిండు. బుద్ధిపుట్టి రాలే" అంది అక్క.  "బావగారూ, నిజమేనా?"

సార్ తెర వైపే చూస్తూ "అట్లనే కనపడుతోంది" అన్నారు.

అక్క ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. నవ్వింది కూడా.

అక్క వెళ్ళాక సార్ నన్ను మిషన్ ముందు కూర్చోబెట్టారు. అప్పటికే ఆయన కళ్ళు మసకబారుతున్నాయి. "ఆ ఫోటో కొంచెం పదును చెయ్యమ్మా. కొంచెం నలుపు పెంచు. సేవ్ చెయ్" అన్నారు.

"కాపీ తియ్యాల్నా సార్?"

"వద్దు. దాని మీదనే చెయ్."

"క్వాలిటీ ఎంత పెట్టమంటరు?"

"తక్కువ పెట్టు."

ఆ మాట ఆయన నోట వినడం, పూజారి నోట తిట్టు విన్నట్టు ఉంది. చేశాను. తర్వాతి ఏడాదీ అదే. ఆ తర్వాతా అదే. అంత శుభ్రమైన గదిలో ఆ ఒక్క ఫోటో మాత్రం ఏడాదికోసారి ఆయన నియమాలన్నిటికీ ఎదురు నడిచేది. మచ్చ పెరుగుతూ వచ్చింది. మొదట వేలిముద్రంత, తర్వాత తోకకు వేలాడే పేలికంత. ఒక ఏడాది తెరవగానే అది నాకు వెనక్కి తిరిగి కూర్చున్న మనిషిలా కనపడింది. మేము ఒక్క గీత గీయలేదు, ఒక్క చుక్క పెట్టలేదు. సేవ్ చేశాం, అంతే. అది తనంతట తానే వస్తోంది. ఆ రాత్రి నేను అన్నం తినలేకపోయాను. మర్నాడు ఇంట్లోంచి విభూతి తెచ్చి మానిటర్ మూలకు రాశాను.

సార్ చేత్తో తడిమి వాసన చూశారు. "ఏమ్మా, మానిటర్‌కు జ్వరమొచ్చిందా?"

"సార్, గా ఫోటోల ఏదో ఉన్నది. ఏటేటా దగ్గరికొస్తున్నది. మనం రానిస్తున్నం."

ఆయన నవ్వుతారనుకున్నాను. "వచ్చేది రావడం లేదమ్మా. పోయేది పోతోంది" అన్నారు. ఏది పోతోందో నాకప్పుడు అర్థం కాలేదు. తోక వైపే చూస్తూ ఉన్నాను. అక్కా అటే చూసింది. ఆయన మమ్మల్ని అటే చూడనిచ్చారు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక అక్క పై గదికి వచ్చింది. "చెల్లే, నా మనిషి ఫోటో పెద్దగ తీసియ్యి. ఇంట్ల పెట్టుకుంట. వచ్చినోళ్ళందరికి పొగ కనవడాలె. పొగ మంచిగ కనవడేటట్టు తియ్యి." నా వెనక మూడడుగుల దూరంలో స్టూలు మీద కూర్చుంది, కళ్ళజోడు తుడుచుకుంటూ.

పెద్దగా తీయాలంటే ఇంతకంటే మంచి కాపీ ఏదైనా ఉందేమోనని సార్ సొరుగు వెతికాను. అడుగున, ఈ నోట్‌బుక్కు కింద, ఒక కవరు. దాని మీద సార్ చేతిరాతతో "మొదటిది" అని ఉంది. లోపల ఒక డిస్కు, ఒక నెగెటివ్ ముక్క. నెగెటివ్‌ను కిటికీ గుడ్డ తొలగించి వెలుతురుకు పెట్టాను. నల్లటి ఆకాశంలో తెల్లటి విమానం. బూజు లేదు. ఒక్క గీత లేదు.

డిస్కు మిషన్లో వేశాను. టిఫ్ ఫైలు. తెరిచాను.

తోక వెనక ఆకాశం నీళ్ళలా తేటగా ఉంది. పొగ లేదు. అది నేను అనుకున్నదే, నా గుండె అదరలేదు. కానీ కళ్ళు అలవాటు కొద్దీ ఆకాశం ఏరుతూ ముందుకు పోయాయి, రెక్క మీదికి, కిటికీ మీదికి. ఇన్నేళ్ళూ మసక గడిగా చూసిన చోట అద్దం ఉంది. అద్దం వెనక ఏదో తెల్లగా ఉంది. దాన్ని పెద్దది చేసి, కొంచెం వెలుగు పెంచాను.

చెయ్యి. ఐదు వేళ్ళూ విడివిడిగా, అరచెయ్యి మన వైపు తిప్పి, పైకెత్తి ఉంది. దాని వెనక ఒక మొహం. ముందుకు చూడటం లేదు. నేరుగా కెమెరా వైపు చూస్తోంది. నవ్వుతోంది.

అన్న ఫోటో తీస్తానన్నాడు. తమ్ముడు వచ్చాడు. ఎంత దగ్గరగా రావాలో అంత దగ్గరగా వచ్చాడు.

 ఏటా నేను నొక్కిన సేవ్ ఏం చేసిందో అప్పుడు తెలిసింది. మేము పొగను రప్పించలేదు. ఆ చేతిని పంపించేశాం. ముందు ఆయన ఒక్కడూ, తర్వాత నా చేత్తో. ఒక్కో ఏడాది ఒక్కో వేలు.

"దొరికిందా చెల్లే?" అంది అక్క వెనకనుంచి.

ఆమె లేస్తే, మూడడుగులు వేస్తే, చూస్తుంది. తన భర్త నవ్వు చూస్తుంది. చూసిన మరుక్షణం పొగ పోతుంది, ఆ పాత మాట మళ్ళీ వచ్చి ఆమె తల మీద కూర్చుంటుంది. బావగారిని ఏమనుకుంటుందో కూడా. ఆ నవ్వు ఆమెదే కదా, దాచడానికి నేనెవరిని అని ఒకవైపు. ఆ పొగను నమ్ముకుని పదేళ్ళుగా నిటారుగా నడుస్తున్న మనిషిని మళ్ళీ వంచడానికి నేనెవరిని అని ఇంకోవైపు. స్వామీ అనుకున్నాను. 

మూయబోతే మిషన్ అడిగింది, మార్పులు సేవ్ చేయాలా అని. వెలుగు పెంచాను కదా, అందుకు. ఆ చిన్న డబ్బా తెర మధ్యలో, ఆ మొహం మీద నిలబడి ఉంది. వద్దు అని నొక్కాను. డిస్కు మీదిది డిస్కు మీద ఎట్లా ఉందో అట్లాగే ఉంది. సార్ దగ్గర నేర్చుకున్నదాంట్లో నేను ఆ రోజు పాటించింది అదొక్కటే.

"దొరికిందక్కా" అన్నాను. కంప్యూటర్లోని పాత జేపెగ్ తెరిచి ప్రింటు తీశాను.

అక్క దాన్ని ఒళ్ళో పరుచుకుని, మచ్చ మీద వేలు పెట్టి మెల్లగా తిప్పింది. "నా మనిషి తప్పు లేదు. లేదు గదా చెల్లే?"

"లేదక్కా."

దేవుడి పటం ముందు కూర్చుని కూడా ఆ మాట వెనక్కి తీసుకోలేకపోయాను. పూర్తిగా అబద్ధమని కూడా అనలేకపోతున్నాను. అన్నను చూసి చెయ్యి ఊపడం తప్పా?

సార్ గురించి మంచి మాటలు చాలామంది చెప్పారు. పని పిచ్చి అన్నారు, నిక్కచ్చి మనిషి అన్నారు. అన్నీ నిజమే. వంటమనిషిని మిషన్ ముందు కూర్చోబెట్టి, నా కళ్ళకు విలువ ఉందని మొదట చెప్పింది ఆయన. ఆ రుణం తీరేది కాదు. కానీ ఉన్నది ఉన్నట్టు దాచమని మాకందరికీ చెప్పిన మనిషి, అట్లా దాచుకున్నది ఒక్క కవరులో ఉంది. అది ఎవరికీ చూపించలేదు, పారేయనూ లేదు. లోకానికి పొగ ఇచ్చి, చెయ్యి తన దగ్గర పెట్టుకున్నారు.

ఈ నోట్‌బుక్కు ఎవరి చేతికి వస్తే వాళ్ళకు నా దండం. ఈ కాగితాలు చింపొద్దు, కాల్చొద్దు. ఆ కవరుతో కలిపి అదే సొరుగులో ఉంచండి. కానీ ఎవరికీ చూపించొద్దు. మౌలాలిలో ఆ ఫోటో గోడకు ఉన్నన్నాళ్ళు అసలే వద్దు. మీలో ఎవరైనా ఆ డిస్కు తెరిస్తే, చూసి, సేవ్ చేయకుండా మూసేయండి.

నిన్న గది ఊడ్చి మిద్దె మీదికి వెళ్ళాను. పదిన్నర దాటింది. ఆ కుర్చీ ఇంకా తీయలేదు. దాని పక్కన నిలబడి క్యాంపస్ చెట్ల వైపు చూశాను. ఫోటో తీస్తున్నప్పుడు రెండు చేతులూ కెమెరా మీదే ఉంటాయి. తమ్ముడు వచ్చిన ఆ పొద్దున సార్ తిరిగి చెయ్యి ఊపి ఉండరు. ఎండకు అడ్డం అని ఇన్నేళ్ళు అనుకున్నాను.

ఎక్కడో విమానం చప్పుడు మొదలైంది. పైకి చూస్తే మబ్బు తప్ప ఏమీ లేదు. చప్పుడు మాత్రం చెట్ల మీదుగా, కిందుగా, దగ్గరికి వస్తోంది. నెమళ్ళు అరవడం ఆపేశాయి. నేను కళ్ళు మూసుకుని చెయ్యి పైకెత్తాను. అది తల మీదుగా దాటి పోయేదాకా దించలేదు.